గుడగుడ: గాలి కోసం గొట్టం పెట్టే గోల

నాకు ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది మొదటి మాట ఒకటే. "మేడమ్, మేమేమీ వాడట్లేదండీ. అయినా బాత్రూమ్ తూములోంచి గుడగుడమని చప్పుడొస్తోంది." రెండో మాట కూడా ఇంచుమించు ఒకటే. "యాసిడ్ సీసా మొత్తం పోసేశాం. అయినా తగ్గలేదు."

నేను సివిల్ ఇంజనీర్ని. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్లలో నీటి గొట్టాలు, మురుగు గొట్టాల మరమ్మతులు చేయించడం నా వృత్తి. గోడలకు రంగులు వేయించడానికి లక్షలు ఖర్చుపెట్టే అసోసియేషన్లు, గోడల లోపల దాగిన గొట్టాల గురించి మాత్రం వాసన ముక్కుకు తగిలేదాకా ఆలోచించవు. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ప్లంబర్ని పిలవకముందే ఇంట్లోవాళ్ళు తేల్చుకోగలిగిన సంగతులు ఇందులో చాలా ఉన్నాయి.

ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. గుడగుడమన్నదంటే ఆ గొట్టానికి గాలి అందడం లేదని అర్థం. రావాల్సిన దారిన గాలి రాకపోతే, అది మీ బాత్రూమ్ తూములోని నీళ్ళను చీల్చుకుని వస్తుంది, లేదా పోతుంది. అది చేసే చప్పుడే మనకు వినిపించేది. గాలి చాలని గొట్టంలో ఎంత యాసిడ్ పోసినా ఏం లాభం? గాలి ఎక్కడ ఆగిపోయిందో వెతకాలి.

మడతలో నిలిచే కాసిని నీళ్ళు

బాత్రూమ్‌లో నీళ్ళు పోయే జాలీ ఎత్తి టార్చి వేసి చూడండి. అడుగున కొన్ని నీళ్ళు నిలిచి కనిపిస్తాయి. అవి పోకుండా మిగిలిపోయిన నీళ్ళని చాలామంది అనుకుంటారు. కావాలనే నిలిపి ఉంచిన నీళ్ళవి. ఆ అమరికను మన ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటారు. కమోడ్ వెనక వంపు, వాష్‌బేసిన్ కింద సీసాలా వేలాడే బాటిల్ ట్రాప్ చేసే పని కూడా ఇదే. మురుగు గొట్టంలోని గాలికీ మన ఇంటి గాలికీ మధ్య నీళ్ళు అడ్డుతెరలా నిలుస్తాయి. మనం పోసిన నీళ్ళు అవతలికి పోతాయి. అవతలి వాసన, బొద్దింకలు, పురుగులు ఇవతలికి రావు.

గొట్టాన్ని వంచి అందులో నీళ్ళు నిలిపే ఈ ఉపాయానికి పేటెంటు తీసుకున్నది లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమ్మింగ్. అది 1775లో. రెండున్నర శతాబ్దాలు దాటాయి, ఇంతకన్నా చవకైన, కదిలే భాగాలేవీ లేని కాపలా ఇంకొకటి రాలేదు.

ఆ నీటి తెర లోతు మామూలుగా 50 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాలు. వాతావరణ పీడనం దాదాపు 10 మీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టగలదు. 50 మిల్లీమీటర్లంటే అందులో 200వ వంతు. గొట్టంలో గాలి పీడనం ఆ కాస్త మారినా చాలు, నీళ్ళు గొట్టంలోకి లాగేసుకుపోతాయి, లేదా బుడగలై పైకి పొంగుతాయి. మనింటికీ మురుగుకూ మధ్యనున్న అడ్డు ఇంత సున్నితమైనది. ఇది తెలిస్తే గుడగుడను తేలిగ్గా తీసుకోరు.

గాలి దారి

నీళ్ళ సీసాను ఒక్కసారిగా బోర్లించి చూడండి. నీళ్ళు ధారగా పడవు. గుటక గుటకగా, గుడగుడమంటూ పడతాయి. ఒక గుక్క నీళ్ళు బయటికొస్తే ఒక గుక్క గాలి లోపలికి పోవాలి, ఉన్న మూతి ఒక్కటే. అడుగున చిన్న చిల్లు పెడితే చప్పుడు ఆగి, నీళ్ళు జారుగా పడతాయి.

అపార్ట్‌మెంటు డక్ట్‌లో పై నుంచి కిందికి దిగే నిలువు గొట్టానికి ఆ చిల్లు డాబా మీద ఉంటుంది. పిట్టగోడ పక్కన తల పైకెత్తి, నెత్తిన జాలీ టోపీ పెట్టుకుని నిలబడే గొట్టమే అది. దాన్ని వెంట్ పైపు అంటారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళినవాళ్ళు అక్కడి ఇళ్ళ కప్పుల మీద పొడుచుకొచ్చిన పొట్టి గొట్టాలు చూసే ఉంటారు. అవీ ఇవే.

నాలుగో అంతస్తులో ఎవరో ఫ్లష్ చేశారనుకుందాం. ఇప్పటి కమోడ్లలో ఒక్కసారికి ఆరు లీటర్లు, పాతవాటిలో పది లీటర్లు, అంతకన్నా ఎక్కువే దూకుతాయి. అవి నిలువు గొట్టం గోడల్ని అంటిపెట్టుకుని జారాలి, మధ్యలో గాలికి దారి ఉండాలి. అందుకే ఆ గొట్టంలో మూడో వంతుకు మించి నీళ్ళు నిండకుండా లెక్క వేసి కడతారు. జారే నీళ్ళు తమతోపాటు గాలిని కిందికి లాక్కుపోతాయి. వెనక ఖాళీ అయిన చోటికి డాబా మీది నుంచి కొత్త గాలి రావాలి. ఆ దారి మూసుకుపోతే గొట్టం దగ్గరున్న మరో చోటి నుంచి, అంటే మూడో అంతస్తు బాత్రూమ్ తూములోంచి గాలి పీలుస్తుంది. మూడో అంతస్తువాళ్ళకు అప్పుడు గుడగుడ వినబడుతుంది.

అట్టడుగు అంతస్తులో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. నిలువు గొట్టం నేల దగ్గర మలుపు తిరిగి అడ్డంగా పోయే చోట నీళ్ళ వేగం తగ్గుతుంది, ముందున్న గాలి నలుగుతుంది. ఆ గాలి పోవడానికి చోటు లేక దగ్గరి తూములోంచి బుడబుడమంటూ పైకొస్తుంది. అందుకే మంచి పనివాళ్ళు కింది అంతస్తు గొట్టాన్ని నిలువు గొట్టానికి కలపరు. విడిగా బయటి మురుగు చాంబర్ దాకా తీసుకెళ్తారు. ఇల్లు కట్టించుకునేవాళ్ళు ఈ ఒక్క మాట మేస్త్రీకి ముందే చెబితే చాలా బాధ తప్పుతుంది.

ఎప్పుడు వినిపిస్తోంది? ఎక్కడ వినిపిస్తోంది?

ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే జబ్బు ముప్పాతిక తెలిసినట్టే. ఒకటి రెండు రోజులు ఇంట్లోవాళ్ళంతా కాస్త చెవి పెట్టి గమనించండి.

వాష్‌బేసిన్ ఖాళీ అయ్యేటప్పుడు చివర్లో ఒక్క గుటక చప్పుడైతే, అది మామూలే. పట్టించుకోనక్కర్లేదు.

బేసిన్‌లో నీళ్ళు వదిలితే నేల మీది తూము గుడగుడమంటోందా? మన బాత్రూమ్‌లలో బేసిన్ నీళ్ళు, స్నానం నీళ్ళు చాలావరకు ఒకే నహానీ ట్రాప్‌లో కలుస్తాయి. అంటే అడ్డు మీ బాత్రూమ్‌లోనే, ఆ ట్రాప్‌లోనో అది దాటిన వెంటనే గొట్టంలోనో ఉంది. ఇది ఇంట్లోనే సరిచేసుకోదగ్గది.

మీరు ఫ్లష్ చేస్తే తూము గుడగుడమంటోందా? కమోడ్ గొట్టం, స్నానాల గొట్టం రెండూ ఒకే నిలువు గొట్టంలో కలిసే చోట ఇలా జరుగుతుంది. గాలి దారి మూసుకుపోయి ఉండాలి, లేదా రెండూ కలిసిన చోటికి దిగువన గొట్టం సగం పూడి ఉండాలి. నీళ్ళు నెమ్మదిగా పోతున్నాయంటే పూడిక. నీళ్ళు ఝామ్మని పోతున్నా చప్పుడొస్తోందంటే గాలి లోపం. ఈ తేడా తప్పకుండా గమనించండి.

మీరేమీ వాడనప్పుడు, ముఖ్యంగా పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, గుడగుడ వినిపిస్తోందా? అది పై ఇళ్ళవాళ్ళ నీళ్ళ హడావుడి. తప్పు వాళ్ళది కాదు. అందరి ఉమ్మడి గొట్టానిది. డాబా ఎక్కి చూడాల్సిందే.

కింది అంతస్తులో కమోడు, తూము, బేసిన్ అన్నీ ఒకేసారి బుడగలు వదులుతుంటే బయట చాంబర్ నిండింది. ఇంట్లో వాడకం వెంటనే ఆపి చాంబర్ సంగతి చూడాలి.

వానలు పడ్డప్పుడే వస్తోందంటే ఇంకో అనుమానం. మా హైదరాబాద్‌లో డాబా మీది వాన నీళ్ళ గొట్టాన్ని మురుగు చాంబర్‌లో కలిపేసిన భవనాలు కొల్లలు. గట్టి వాన పడగానే ఆ చాంబర్ నిండి, మురుగు వెనక్కి తంతుంది. వాన నీళ్ళు పోవాల్సింది ఇంకుడు గుంతకు, లేదా వాన కాలువకు. ఆ కలుపు తెంపేదాకా ఏటా వానాకాలంలో ఈ బాధ తప్పదు.

ఇంకో చిన్న పరీక్ష. జాలీ తీసి, టార్చి వెలుగులో ట్రాప్ నీళ్ళ మీద కన్ను వేసి ఉంచండి. ఇంట్లో ఒకరు ఫ్లష్ చేయాలి, ఆ తర్వాత పై ఇంటివాళ్ళనూ చేయమనాలి. నీళ్ళు కిందికి జారి మట్టం తగ్గితే గొట్టం గాలి పీలుస్తోంది. నీళ్ళు ఉబ్బి బుడగలు వస్తే కింది నుంచి గాలి తోస్తోంది. దీనికి పైసా ఖర్చు లేదు. ప్లంబరుకు ఈ ఒక్క సంగతి చెబితే అతనికి సగం రోజు పని కలిసొస్తుంది.

జాలీ ఎత్తితే కనిపించేది

నాతో పనిచేసే ప్లంబరుది ఒడిశాలోని కేంద్రపడా జిల్లా. దేశంలోని నగరాలన్నిటికీ ప్లంబర్లను పంపే జిల్లా అది. అక్కడి పట్టాముండైలో ప్లంబింగ్ నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. అతను ఏ బాత్రూమ్‌లోకి వెళ్ళినా ముందు మోకాళ్ళ మీద కూర్చుని జాలీ తీస్తాడు. చేతికి గ్లవ్ తొడుక్కుని రెండు వేళ్ళు ట్రాప్ వంపులోకి పోనిస్తాడు. బయటికి వచ్చేది ఎప్పుడూ ఇంచుమించు ఒకటే. జడలా పేనుకుపోయిన వెంట్రుకలు, వాటికి పట్టిన బూడిదరంగు జిగట.

ఆ జిగటను దగ్గర్నుంచి చూస్తే మన స్నానాల చరిత్ర అంతా అందులో ఉంటుంది. బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే నురగ రాదు, తెల్లటి మడ్డి తయారవుతుంది. తలంటుకు వాడిన నూనె దానికి తోడవుతుంది. కుంకుడుకాయ పిప్పి, శీకాయ పొడి, సున్నిపిండి ఆ నూనెలో అంటుకుని ముద్ద కడతాయి. వెంట్రుకలు ఆ ముద్దను కట్టి ఉంచుతాయి. భోగి, దీపావళి తలంట్లు అయిన మర్నాడు నాకు ఫోన్లు పెరగడం ఊరికే కాదు. తలంటు మానేయమని నేనెన్నడూ చెప్పను. కుంకుడు రసం గుడ్డలో వడగట్టి, పిప్పి చెత్తబుట్టలో వేయండి. సున్నిపిండి నలుగు రాలేచోట జాలీ మీద పాత పల్చటి గుడ్డ ముక్క పరవండి. అంతే చాలు.

శుభ్రం చేసే పద్ధతి చెప్తాను. జాలీ తీయండి. తెల్ల సిమెంటుతో అతికించి ఉంటే పాత చాకు మొనతో చుట్టూ గీసి ఎత్తండి. గ్లవ్ తొడుక్కుని చేతికందినంత చెత్త తీసేయండి. అందని దానికి ముళ్ళున్న పల్చటి ప్లాస్టిక్ పట్టీలు, స్ప్రింగ్ తీగలు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. తీగను తోస్తూ తిప్పాలి, పొడవకూడదు. ఇనప చువ్వలు, వెదురు బద్దలు వద్దు. పీవీసీ గొట్టం మలుపు దగ్గర చిల్లు పడితే కింది ఇంటి సీలింగ్ తడుస్తుంది. తర్వాత చెయ్యి పట్టగలిగేంత వేడి నీళ్ళు ఒక బకెట్ నిండా ఒక్కసారిగా కుమ్మరించండి. సలసల కాగే నీళ్ళు పోయకండి, పీవీసీ మెత్తబడి అతుకులు వదులుతాయి.

రబ్బరు ప్లంజర్ వాడేముందు బేసిన్ రంధ్రాన్ని, పక్క తూమును తడిగుడ్డతో గట్టిగా మూయండి. లేకపోతే మీరు తోసే గాలి పక్కదారిన పోతుంది, అడ్డు కదలదు.

బేసిన్ కింది బాటిల్ ట్రాప్ అయితే ఇంకా సులువు. కింద బకెట్ పెట్టి అడుగు గిన్నెను చేత్తో తిప్పితే ఊడి వస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో కడిగి, రబ్బరు వాషరు సరిగ్గా కూర్చుందో లేదో చూసి బిగించండి. అక్కడి నుంచి నేలలోకి పోయే ముడతల గొట్టం వదులుగా దూర్చి ఉంటే చుట్టూ రబ్బరు కాలరు వేయించండి. వాసన వచ్చే దారుల్లో అందరూ మరిచిపోయేది ఈ సందే.

ఒక హెచ్చరిక. కొన్ని నహానీ ట్రాపుల్లో ఊడదీయగలిగే గిన్నె లాంటి భాగం ఉంటుంది. అందులోనే నీళ్ళు నిలుస్తాయి. నీళ్ళు త్వరగా పోవడం లేదని దాన్ని తీసి పారేసేవాళ్ళున్నారు. నీళ్ళు అప్పుడు నిజంగానే జోరుగా పోతాయి. కానీ మురుగు గొట్టం నేరుగా మీ బాత్రూమ్‌లోకి తెరుచుకున్నట్టే. తీసి కడగండి, మళ్ళీ అక్కడే పెట్టండి.

డాబా మీదికి వెళ్దాం

ఇంట్లో అన్నీ శుభ్రంగా ఉన్నా, నీళ్ళు జోరుగా పోతున్నా, గుడగుడ ఆగకపోతే డాబా ఎక్కండి.

ప్రగతి నగర్ వైపు ఒక ఐదంతస్తుల భవనంలో మూడో అంతస్తు పెద్దావిడ చాలాకాలం ఈ చప్పుడు భరించారు. రాత్రిళ్ళు నిద్రపట్టక, ఇంట్లో ఏదో దోషముందని భయపడి శాంతి కూడా చేయించారు. మేం వెళ్ళి ఆవిడ బాత్రూమ్ అంతా చూశాం, ఎక్కడా అడ్డు లేదు. డాబా మీదికి వెళ్తే వెంట్ పైపు కనిపించలేదు. అక్కడ పెంట్‌హౌస్ లేచింది. గది మధ్యలో గొట్టం వస్తోందని దాన్ని నేలమట్టానికి కోసి, మూత బిగించి, పైన టైల్స్ వేసేశారు. అప్పటి నుంచి ఆ భవనంలో ఒక వైపు ఇళ్ళన్నిటికీ గాలి ఆగిపోయింది. ఆ గొట్టాన్ని గది వెలుపలి గోడ మీదుగా మళ్ళించి పైకి తీశాం. పెద్దావిడకు మళ్ళీ నిద్ర పట్టింది.

డాబా మీద చూడాల్సినవి ఇవి. గొట్టం తల తెరిచి ఉందా? టోపీలో పావురాలు గూడు పెట్టాయా? తేనెటీగలో కందిరీగలో పట్టుకున్నాయా? అతుకు సందులో రావి మొక్క మొలిచి వేళ్ళు లోపలికి దిగాయా? వాసన వస్తోందని ఎవరైనా పాలిథిన్ కవరు కట్టేశారా? ఇవన్నీ నేను చూసినవే. గొట్టం మూతి దగ్గర టిష్యూ కాగితం ముక్క వేలాడదీసి పట్టుకుని, కింద ఎవరినైనా ఫ్లష్ చేయమనండి. కాగితం లోపలికి లాగినట్టు ఊగితే దారి బాగుంది. కదలకపోతే ఎక్కడో మూసుకుంది. ఈ పరీక్షకు అగ్గిపుల్ల, అగరొత్తి వాడొద్దు. మురుగు వాయువులో మండే మీథేన్ ఉంటుంది.

గొట్టం పొట్టిగా ఉండి డాబా మీద వాసన కొడుతుంటే మూయకండి, ఎత్తు పెంచండి. మనుషులు తిరిగే డాబాపై అది తల కన్నా బాగా ఎత్తున, కిటికీలకు దూరంగా ఉండాలి.

వెంట్ పైపు పైకి తీయడానికి ఎట్టి పరిస్థితుల్లోనూ వీలు కాకపోతే ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ అనే చిన్న పరికరం ఉంది. గొట్టం పీల్చినప్పుడు తెరుచుకుని గాలిని లోపలికి పంపుతుంది, మిగతా సమయంలో మూసుకుని వాసన రానివ్వదు. అయితే కింది నుంచి గాలి తోసే చోట ఇది పనిచేయదు. గోడలో పూడ్చకుండా చేతికందే చోట పెట్టించాలి.

చప్పుడు లేదు, వాసన మాత్రం వస్తోంది

గొట్టం గుడగుడమని ట్రాప్ నీళ్ళను లాగేసుకున్నా, ఎవరూ వాడక అవి ఆవిరైపోయినా ఫలితం ఒకటే. తెర పోతుంది, దారి తెరుచుకుంటుంది.

దాని పర్యవసానం ఎంతదాకా పోగలదో 2003లో హాంకాంగ్ చూపించింది. సార్స్ వ్యాధి వచ్చిన కాలమది. అమోయ్ గార్డెన్స్ అనే 33 అంతస్తుల భవన సముదాయంలో 300 మందికి పైగా ఆ వ్యాధి సోకింది. అధికారుల దర్యాప్తులో తేలిన కారణాల్లో బాత్రూమ్ నేల తూములు ముఖ్యమైనవి. అక్కడివాళ్ళు నేలను నీళ్ళు కొట్టి కడగకుండా తడిగుడ్డతో తుడిచేవారు. తూముల్లో నీళ్ళు ఎండిపోయాయి. తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడు అది ఉమ్మడి మురుగు గొట్టంలోని గాలిని తుంపరలతో సహా ఇళ్ళలోకి లాగింది.

మనం నీళ్ళు కొట్టి కడిగే జనం కాబట్టి ఇన్నాళ్ళూ ఈ బెడద పెద్దగా లేదు. ఇప్పుడు కొత్త ఫ్లాట్లలో అద్దం అడ్డుపెట్టి స్నానానికి ఒక భాగం, పొడిగా ఉంచడానికి మరో భాగం చేస్తున్నారు. పొడి భాగంలోని తూముకు నెలల తరబడి చుక్క నీళ్ళు అందవు. అతిథుల గది బాత్రూమ్, బాల్కనీ మూల తూము, పనిమనిషి కోసం కట్టిన టాయిలెట్ కూడా అంతే. ఎండాకాలంలో విజయవాడ, రామగుండం వేడికి ఇవి ఇంకా త్వరగా ఎండుతాయి. ఫ్యాన్ వేసినప్పుడే వాసన ఎక్కువవుతోందంటే ఎండిన తూము ఉన్నట్టే. వాడని ప్రతి తూములో వారానికొకసారి ఒక చెంబెడు నీళ్ళు పోయడమే మందు.

పిల్లల దగ్గరికి ఆరు నెలలు అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు బయలుదేరే రోజు అన్ని ట్రాపుల్లో నిండా నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల నూనె వేయండి. నూనె తెర ఆవిరిని నెమ్మదింపజేస్తుంది. జాలీ మీద మందపాటి ప్లాస్టిక్ షీట్ పరిచి టేపు వేస్తే ఇంకా మేలు. తాళం పొరుగువాళ్ళ దగ్గర ఉంటే అప్పుడప్పుడూ నీళ్ళు పోయమని చెప్పి వెళ్ళండి.

పోయకూడనివి

బాత్రూమ్ యాసిడ్ వెంట్రుకల్ని కరిగించదు. టైల్స్ సందుల్లోని సిమెంటును మాత్రం తినేస్తుంది. ఆ సందుల్లోంచి దిగిన నీళ్ళే కింది ఇంటి సీలింగ్ మీద మరకలవుతాయి. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్ళలో మలినాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల్ని కూడా అది చంపుతుంది.

యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ వేయకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది. కాస్టిక్ సోడా పొడి వేసిన తర్వాత యాసిడ్ పోస్తే ఒక్కసారిగా కాగి మొహం మీదికి చిమ్ముతుంది. తూములో ఏమేం పోశారో ప్లంబరుకు దాచకుండా చెప్పండి. అతను చెయ్యి పెట్టేది అందులోనే.

వంటసోడా, వెనిగర్ కలిపి పోయమనే చిట్కా ఫోన్లలో బాగా తిరుగుతోంది. హాని లేదు, పెద్దగా పనీ లేదు. రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకుని నురగై పోతాయి. వెంట్రుకల ముద్ద ఉన్నచోటే ఉంటుంది.

చాంబర్ మూత దగ్గర ఆగండి

ఇంటివాళ్ళు చేయదగ్గ పని ఇక్కడితో అయిపోతుంది. నేలమట్టంలో స్నానాల నీళ్ళు పడే గల్లీ ట్రాప్‌లోని మడ్డిని బయట నిలబడి తీసుకోవచ్చు. చాంబర్ లోతుగా నిండినా, సెప్టిక్ ట్యాంకు పొంగినా యంత్రం రావాల్సిందే. హైదరాబాద్‌లో జలమండలి నంబరు 155313. మ్యాన్‌హోల్, సెప్టిక్ ట్యాంకు పనులకు ప్రత్యేకంగా పెట్టిన నంబరు 14420.

రెండు అంగుళాల నీళ్ళు అడ్డుపెట్టి మనం ఇంట్లోకి రానివ్వని గాలే ఆ గుంతలో నిండుగా ఉంటుంది. అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. దిగినవాడికి ప్రమాదం తెలిసేలోపే స్పృహ పోతుంది. అతన్ని తీయడానికి దిగిన రెండోవాడూ లేవడు. తెలుగు కుటుంబంలో కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ చావుల మీద పోరాడి, 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. రక్షణ లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది.

అయినా "ఒక ఐదు నిమిషాలు దిగితే అయిపోతుంది" అనే మాట అసోసియేషన్ మీటింగుల్లో నేను ఇప్పటికీ వింటున్నాను. విన్న ప్రతిసారీ పని ఆపించేస్తున్నాను. మీరూ ఆపించండి. మీ ఇంటి తూములో నీళ్ళు పోయండి, జాలీ కడగండి, డాబా మీది గొట్టానికి గాలి ఆడనివ్వండి. మీ కోసం ఎవర్నీ చాంబర్‌లోకి దింపకండి.